జేబులు కుట్టేసిన కోటు

తుపాకుల ఫ్యాక్టరీలో పనివాళ్ళ కోట్లకు జేబులుంటాయి కానీ వాటి మూతులు కుట్టేసి ఉంటాయి. చిన్న సామాను ఏదీ పొరపాటున జారిపడి బయటికి పోకూడదని ఆ ఏర్పాటు. అంత ముందుచూపున్న పెద్దమనుషులకు ఆడవాళ్ళ కొలతకు కోటు కుట్టించాలని మాత్రం తోచలేదు. కొత్తమ్మాయికిచ్చిన కోటు చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. చేతులు మడవకూడదని గోడమీద రాసి ఉంది. మడవకపోతే పని ఎలా చేయాలో రాయలేదు. ఆమె రెండేసి మడతలు పెట్టుకుంది.

చేరి మూడు నెలలు కావస్తున్నా అందరికీ ఆమె కొత్తమ్మాయే. వచ్చే సోమవారంతో ఆ మూడు నెలల గడువు తీరుతుంది. పర్మనెంటు కాగితం వస్తే సరే, రాకపోతే ఇంటికే. ఇంట్లో చూస్తే భర్త పనిచేసే మిల్లు మూతపడి ఏడాదైంది, ఇద్దరు పిల్లలు. పక్క బల్ల దగ్గర కూర్చునే వదిన, అంటే సొంత అన్న భార్య, సూపర్‌వైజరు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఇప్పించిన పని ఇది. తన మాట మీద తీసుకున్నారనీ, తన పరువు తీయొద్దనీ మొదటిరోజే చెప్పింది.

పని చూడ్డానికి చిన్నదే. సేఫ్టీ మీట కింద సన్నటి రంధ్రం ఉంటుంది. అందులో బియ్యపుగింజంత స్ప్రింగు పెట్టి, పైన రేకుమూత బిగించాలి. రోజుకు అరవై తుపాకులు, ట్రేలో అరవై స్ప్రింగులు. సాయంత్రం ఖాళీ ట్రే సూపర్‌వైజరుకు చూపిస్తే సంతకం పెడతాడు. ట్రే ఖాళీ అయిందంటే పని సవ్యంగా జరిగినట్టే. స్ప్రింగు లేకపోయినా కొత్తలో గ్రీజు బిగువుకే మీట నిలుస్తుందనీ, పరీక్షలో కూడా బయటపడదనీ వదిన చెప్పింది. కొన్ని నెలలు వాడాక వదులవుతుంది. అప్పుడు భుజాన ఉన్న తుపాకీ దేనికైనా తగిలితే చాలు, పేలిపోవచ్చు.

కొత్తమ్మాయికి తుపాకులంటే గిట్టదు. అయినా అందులో మిగతా భాగాలన్నీ పేల్చడానికైతే, తన స్ప్రింగొక్కటే పేలకుండా ఆపడానికని మనసుకు సర్దిచెప్పుకుంది. ఆ ఒక్క మాట పట్టుకునే మూడు నెలలు నెట్టుకొచ్చింది.

కోట్లు శనివారం ఉతకడానికి ఇంటికి తెచ్చుకోనిస్తారు. ఆ సాయంత్రం బకెట్లో నానేయబోతూ చేతుల మడతలు విప్పితే, చప్పుడు లేకుండా ఒక స్ప్రింగు అరచేతిలో పడింది. గేటు దగ్గర సోదా చేసే యంత్రం కూడా దాన్ని పసిగట్టలేదు. మూత బిగించేటప్పుడు రంధ్రంలోంచి ఎగిరి మడతలో చిక్కుకుని ఉంటుంది. అంటే ఏదో ఒక తుపాకీ అది లేకుండానే బల్ల దిగిపోయింది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి వదినకు చూపించింది. వదిన ముందు వీధి తలుపు వేసి వచ్చింది.

"పారేసెయ్. నేను చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు."

అబద్ధమెందుకు, పారేద్దామని కొత్తమ్మాయి మురుగుకాలువ దాకా వెళ్ళింది కూడా. పిడికిలి తెరుచుకోలేదు. వెనక్కి తెచ్చి పిల్లల పలకల వెనక దాచింది.

సోమవారం సూపర్‌వైజరు బల్లమీద దాన్ని పెట్టి జరిగింది చెప్పింది. ఆయన కేకలేస్తాడనుకుంది. వేయలేదు. శుక్రవారం దాకా చేసిన సరుకు ఆ శుక్రవారం సాయంత్రమే లారీ ఎక్కేసింది. శనివారం చేసిన అరవై మాత్రం ప్యాకింగు గదిలో ఉన్నాయి. వాటి పెట్టెలు తెప్పించి, ఆమె చేతే ఒక్కొక్క మూతా విప్పించాడు. వదిన ముఖం గంటు పెట్టుకునే మూతలు అందుకుంది.

మొదటి ఇరవై విప్పేదాకా స్ప్రింగు లేని తుపాకీ దొరుకుతుందేమో, ఉద్యోగం ఊడుతుందేమోనని భయపడింది. నలభై దాటాక దొరకదేమోనన్న భయం పట్టుకుంది. తన తప్పు తనకే దొరకాలని దేవుణ్ణి వేడుకున్న మనిషి ఆ ఫ్యాక్టరీలో ఆమే మొదటిదేమో. అరవయ్యోదాని మూత విప్పింది. లోపల స్ప్రింగు నిక్షేపంగా ఉంది.

సూపర్‌వైజరు ఊపిరి పీల్చుకున్నాడు. స్టోరువాళ్ళు ఎప్పుడో ఒకటి ఎక్కువిచ్చి ఉంటారని తేల్చేశాడు. దాచకుండా చెప్పినందుకు నలుగురి ముందూ మెచ్చుకున్నాడు కూడా.

"మరి ముందు ఐదు రోజులవి, సార్?" అంది కొత్తమ్మాయి. "వారమంతా ఇదే కోటు. ఏ రోజు పడిందో..."

"గేటు దాటినవి మనవి కావమ్మా," అన్నాడాయన నెమ్మదిగానే.

ఆమె ఇంకేదో అనబోయింది. వదిన కాలు తొక్కింది. ఆయన సొరుగులోంచి పర్మనెంటు కాగితం తీసి, దాని పక్కన కలం పెట్టాడు. ఐదు రోజులంటే మూడు వందల తుపాకులు. ఎవరెవరి భుజాలకు ఎక్కుతాయో, ఆ పక్కన ఎవరు నడుస్తుంటారో. ఇంట్లో పిల్లలు కళ్ళముందు మెదిలారు. సిగ్గుతో చచ్చిపోతూ సంతకం పెట్టింది.

ఆయన బల్లమీది స్ప్రింగును వేలితో తోసి ఆమె ట్రేలో పడేశాడు.

"ఇవాళ నీకు యాభై తొమ్మిదే ఇమ్మంటాను. దీంతో అరవై. లెక్క సరిపోయింది."

ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, మిగతా వాటిలో కలిసిపోకముందే పట్టకారుతో ముందు దాన్నే తీసింది. మొదటి తుపాకీ రంధ్రంలో పెట్టి మూత బిగించింది. ఇక ఎక్కడో ఒకదాంట్లో ఒకటి తక్కువుందని చెప్పడానికి సాక్ష్యమే లేదు. నోరుంటే ఆమే చెప్పాలి. ఆ నోటికి ఇప్పుడే సంతకంతో కుట్టు పడింది.

సాయంత్రం ఖాళీ ట్రే చూపించింది. ఎవరూ అడక్కుండానే రెండు చేతుల మడతలూ విప్పి, దులిపి చూపించింది. సూపర్‌వైజరు అటు చూడకుండానే సంతకం పెట్టి పక్క బల్లకు వెళ్ళిపోయాడు.