విప్పని మూట

ఏటా మొదటి రోజు పొద్దున్నే మన చిత్రకారుడికి ఒక అలవాటు. పోయిన ఏటి బొమ్మల్లో తనకు బొత్తిగా నచ్చనిదాన్ని తీసి, దానిమీద తెల్లరంగు పూసి, కొండంత ఆశతో కొత్త బొమ్మ మొదలుపెడతాడు. పూస్తున్నంతసేపూ ఒకటే ఈల! ఈసారి ఈలా లేదు, పాటా లేదు. మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

ఈల ఎలా వస్తుంది మరి? నాలుగు రోజుల కిందట ప్రదర్శనశాల నుంచి పన్నెండు బొమ్మల మూట తిరిగొచ్చింది. పైన ఉత్తరం. 'మీ చిత్రాలను శ్రద్ధగా పరిశీలించాం. రంగుల్లో ప్రాణం లేదు.' ఏడాది కష్టానికి రెండు ముక్కలు! అప్పట్నుంచి మనిషి సరిగా తిన్నదీ లేదు, మూటవైపు కన్నెత్తి చూసిందీ లేదు. రేపట్నుంచి గోడరంగుల కొట్లో కూర్చుంటానని బావమరిదికి మాటిచ్చేశాడు. ఇవాళ పన్నెండింటికీ తెల్లరంగు కొట్టేస్తాడట.

ఆస్పత్రిలో నర్సు పని చేసే భార్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. గుమ్మం దగ్గర ఒక చెప్పు విప్పి, తెల్లరంగు డబ్బా చూసి ఆగిపోయింది.

"ఎప్పట్లాగే ఒక్కదానికి పూసి ఊరుకోండి. ఏడాది మొదట్రోజు ఈ ఏడుపేంటి?"

"ప్రాణం లేదన్నారుగా. శవాల్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం?"

కత్తెర తీసుకుని మూట దగ్గరికి జరిగాడు. మూట కట్టాక ముడిమీద ఎర్రరంగు చుక్క పెట్టడం ఆయన పద్ధతి. ముడి విప్పితే చుక్క పగలాల్సిందే. కత్తెర గాల్లోనే ఆగింది. చుక్క చెక్కుచెదరలేదు.

"మూట విప్పనే లేదే! శ్రద్ధగా పరిశీలించారట, వాళ్ళ మొహం!"

ఆవిడ మొహం విప్పారింది. "అయితే మంచిదేగా! బాగాలేవని ఎవరూ అనలేదన్నమాట. ఇంకోచోటికి పంపండి."

ఆయన నేలమీద చతికిలబడ్డాడు. "చూసి తిట్టినా బాగుండేదే. ఎవరో ఒకరు చూశారుగా అనుకుని ఏడ్చాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ ఏడుపు కూడా దండగే."

ఇరవై ఏళ్ళ పనిలో ఇంత ఒంటరితనం ఆయన ఎన్నడూ ఎరగడు.

ఆవిడ కత్తెర లాక్కుని తాడు తెంపింది. మొదటి బొమ్మ కుర్చీలో ఆనించి, ఎదురుగా పీట వేసుకుంది. "నేను చూస్తాను. ఏడాదంతా నాకూ కుదరనేలేదు."

కూర్చున్నచోటే నిద్రపోయిన ఒక ఆడమనిషి బొమ్మ అది. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎవరండీ ఈమె? పాపం, ఎంత అలిసిపోయిందో!"

"నువ్వే," అన్నాడు ఆయన.

ఆవిడ బొమ్మలోని పాదాలవైపు చూసింది. ఒకదానికి ఇంకా చెప్పు ఉంది. ఒకే చెప్పు విప్పిన తన కాళ్ళవైపు చూసుకుంది.

ఆయన తెల్లరంగు డబ్బా మూత బిగించాడు. రేపు కొట్టుకు వెళ్ళక తప్పదు, ఆ బాధ ఎక్కడికీ పోలేదు.

"రెండోది పెట్టండి," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.