గోడలోపలి పగులు

తన నొప్పి నిజంగా నొప్పేనా? తొమ్మిదేళ్లుగా సుబ్బరత్నమ్మను వదలని అనుమానం ఇది. విత్తనం శనక్కాయలు వలుస్తుంటే ఎదమీద బండ పెట్టినట్టయ్యేది. "పని కనపడితే సాలు, నొప్పి లేస్తాది ఈమెకి," అనేది అత్త. "గ్యాసు లేవే, సోడా తాగు," అనేవాడు మొగుడు వీరప్ప. అనగా అనగా ఆమెకూ అలాగే తోచింది. దీపం పెట్టి అడిగేది: స్వామీ, నేను నాటకమాడుతున్నానా?

ఆ జ్యేష్ఠంలో కాయల కుప్ప మీదే ఒరిగిపోయింది. బెంగళూరు ఆసుపత్రిలో గుండె రక్తనాళాల్లోకి రంగుమందు పంపి ఫోటో తీశారు. రక్తం పోయే దారి బాగానే ఉందన్నారు.

"సూస్తివా, ఏమీ లేదంట. ఆడ సేన్లో విత్తే పదును ఆరిపోతాండాది. లెయ్," అన్నాడు వీరప్ప.

తెలుగు తెలిసిన డాక్టరమ్మ పద్మప్రియ అడ్డొచ్చింది. "ఇంతవరకూ దారే చూశాం. రక్తపరీక్షలో గుండెకు దెబ్బ తగిలినట్టుంది. సన్నటి తీగ చివర స్కానింగు పెట్టి పంపితే నాళం గోడ లోపల కూడా కనిపిస్తుంది. ఇలాంటి గోడల మీదే నా పరిశోధన. సంతకం కావాలి."

"నేను పెట్టను. ఏమీ లేనిదానికి తీగలెందుకు?" అన్నాడు వీరప్ప.

సుబ్బరత్నమ్మ భయం వేరు. అందులోనూ ఏమీ లేదంటే ఇక చచ్చేదాకా నోరెత్తే దారి ఉండదు. అయినా అడిగింది, "నేను పెడితే సెల్లదా తల్లీ?"

"మీరు పెడితేనే చెల్లుతుందమ్మా."

బల్ల మీద మెలకువగానే ఉంది. తెరమీద నలుపు తెలుపుల్లో గుండ్రటి నీడ కదులుతోంది. డాక్టరమ్మ వేలు ఒకచోట ఆగింది.

"ఇదిగో. గోడలో ఏళ్లుగా కొవ్వు పేరుకుంది. దాని పైపొర పగిలి గుంత పడింది. దారి మూసుకుపోలేదు కాబట్టి ఆ ఫోటోకు చిక్కలేదు."

"అయితే నా నొప్పి నిజమేనా?"

"నిజమేనమ్మా."

ఆమె ఏడ్చింది, భయంతో కాదు. బయట వీరప్ప మాత్రం, "ఇంత ఉంటే ముందే సెప్పల్ల గదా!" అని కసురుకున్నాడు.

వారం తర్వాత మందులతో ఊరు చేరింది. ఇంట్లోకి పోకుండా నేరుగా కూలి చౌడమ్మ గుడిసెకు నడిచింది. ఆరేళ్ల కింద కాయలు వలుస్తూ నడుము పట్టుకుని కూలబడిన చౌడమ్మను, పనిదొంగ అని లేపి పంపింది సుబ్బరత్నమ్మే.

"ఆ పొద్దు నీ నొప్పి నిజమే చౌడమ్మా. తప్పు నాది."

చౌడమ్మ చీపురు ఆపలేదు. "పనిదొంగన్న మాట మీ వసారాలో అందరి ముందర అంటివి గదక్కా. ఈ మాట నా ఒక్కదాని సెవిలో సెప్పిపోతావా?"

వసారాలో కాయలింకా వలుస్తూనే ఉన్నారు, పదిమంది ఆడవాళ్లూ, వాళ్ల నడుమ అత్తా. సుబ్బరత్నమ్మ చౌడమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి, వాళ్ల మధ్య నిలబడి, ఆ పొద్దు చౌడమ్మ నొప్పి నిజమేనని, తప్పు తనదని గట్టిగా అంది.