పన్నెండు కొట్టేలోపు

మా ఆయన విల్ఫ్‌ని గురువారం పదకొండింటికి పాతిపెట్టారు. ఆ సమయంలో నేను సంతవీధిలో రాతి సిలువ కింద చీజ్ అమ్ముతున్నాను. ఏడుపు రాలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

మా థార్న్‌బెక్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఏడొందల ఏళ్ల కిందట ఏ రాజో ఊరికి సంత హక్కు ఇచ్చాడు. గురువారం పన్నెండు కొట్టేలోపు సిలువ దగ్గర ఏదో ఒకటి అమ్ముడుపోవాలి. ఒక్క వారం తప్పినా సంత పోయినట్టే. ఒకప్పుడు గొర్రెలు, కోళ్లు, ఇసకేస్తే రాలని జనం. ఇప్పుడు మిగిలింది మా బల్ల ఒక్కటే. నలభై ఏళ్లు వానలో మంచులో విల్ఫ్ దాన్ని పరిచాడు, పక్కన నిలబడి నేను సణిగాను.

పాదిరిగారికి ఆ గురువారం తప్ప వీలు లేదట. పొద్దున్నే మా ఆడబిడ్డ డోర్కాస్ వచ్చింది.

"అన్నయ్య పెట్టె పక్కన ఉండకుండా బేరాలా వదినా? నలుగురూ ముఖాన ఉమ్మరూ?"

"ఉమ్మనీ. ఆయన ఇన్నేళ్లు కాసినదాన్ని ఆయన చనిపోయిన వారమే పోగొట్టమంటావా?"

ఆవిడ ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది.

ఊరంతా చర్చిలోనే ఉంది. పురుగు కూడా ఇటు రాలేదు. పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా ఊరి పంచాయతీ గుమాస్తా ట్యాప్లీ నల్లకోటులో వచ్చాడు. బూట్లకు సమాధి మట్టి. చిన్న ముక్క కొన్నాడు. గడియారం పన్నెండు కొట్టింది.

సంత నిలబెట్టానన్నాను. అతను తల దించుకున్నాడు.

"హెస్టరమ్మా, ఆ కట్టుబాటు మీ అమ్మాయి చనిపోయిన ఏడాదే తీసేశారు. పాతికేళ్లయింది. విల్ఫ్‌కి నేనే చెప్పాను."

"మరి ఎందుకు పరిచాడు?"

"మీకు చెప్పొద్దన్నాడు. 'పిల్ల పోయాక మా ఆవిడకి మాట పడిపోయింది. గురువారం ఒక్కరోజే నోరు విప్పుతుంది, నన్ను తిట్టడానికైనా' అన్నాడు."

ముసలాడు ఎంత పని చేశాడు! ఒళ్లు మండింది. అప్పుడు కూడా ఏడుపు రాలేదు.

చీజ్ సర్ది, బల్ల మడిచి, ఈడ్చుకుంటూ సమాధుల దగ్గరికి వెళ్లాను. అందరూ వెళ్లిపోయారు. పచ్చిమట్టి పక్కన బల్ల పరిచి నిలబడ్డాను. ఆయన్ని తిడదామని నోరు తెరిచాను. మాట రాలేదు.