పరుపు మూలన పట్టీ

గౌస్ బాషా పరుపు కుట్టడం పూర్తయిందంటే, దాని కాళ్ళవైపు మూలన అరచేతంత తెల్లగుడ్డ పట్టీ పడాల్సిందే. దాని మీద ఎర్రదారంతో ఆయన పేరు, పేరు కింద ఫోన్ నంబరు. దూది పరుపు కొన్నేళ్ళు వాడేసరికి గట్టిపడి ఉండలు కడుతుంది. అప్పుడు దాన్ని విప్పి, దూది మళ్ళీ ఏకి, మళ్ళీ కుట్టాలి. అప్పటికి కుట్టినవాడు గుర్తుండకపోయినా పట్టీ గుర్తు చేస్తుందని ఆయన నమ్మకం.

“పరుపు మన బిడ్డలాంటిది జైతూ. అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటి అడ్రసు కొంగున కట్టి పంపాలి” అనేవాడు.

ఆ పట్టీలన్నీ కుట్టింది ఆయన భార్య జైతున్‌బీ. ఆమెకు చదువు రాదు. ఆయన పెన్సిలుతో గీసిస్తే, ఆ గీతల మీదుగా సూది నడిపేది. అది మొగుడి పేరని తెలుసుగానీ అందులో ఏ గీత ఏ అక్షరమో తెలీదు. కిందటేడు మిరపకోతల కాలంలో, ఎన్నాళ్ళనుంచో పీడిస్తున్న దగ్గు ఆయన్ని తీసుకుపోయింది. ఆ తర్వాతే కూతురు నస్రత్ పలక తెచ్చి అమ్మకు అక్షరాలు దిద్దించింది. జైతున్‌బీ ఒత్తులు, గుణింతాలు దాటి, ఒకరోజు మిగిలిపోయిన పట్టీ ఒకటి తీసి కూడబలుక్కుని చదివింది. గౌ… స్… బా… షా. చదివి, పట్టీ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఇన్నేళ్ళూ తను రాసింది ఇదన్నమాట.

నల్లపాడు స్టేషన్ రోడ్డులో వాళ్ళ రేకుల షెడ్డు ఇప్పటికీ ఉంది. ఏకే మిషనుంది. జిన్నింగు మిల్లునుంచి తెచ్చిన దూది ఒక మూట ఉంది. మనుషులే రావడం లేదు. కొత్తవాళ్ళు ఎలాగూ స్పాంజి పరుపులు కొంటున్నారు. పాతవాళ్ళన్నా రావాలి కదా! పెదకాకానిలో, సత్తెనపల్లిలో, చిలకలూరిపేటలో ఎన్ని ఇళ్ళలో ఆయన పరుపులు ఈపాటికి గట్టిపడుంటాయో.

“నేనున్నానని వాళ్ళకి తెలిస్తే చాలే నస్రత్. ఆయన పరుపుల్ని ఆయన మిషను మీద ఏకిస్తా. వాటిని చెత్తలో పడనివ్వకూడదు” అనేది.

తెలియడమెలా? పట్టీ మీదున్న నంబరు ఇప్పుడు ఆమె దగ్గర లేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక, పోయిన మనిషి వాడిన వస్తువుల్ని పేదవాడికి ఇవ్వడం వాళ్ళ ఇంట్లో ఆచారం. ఆయన బట్టలు, చెప్పులు, పడుకున్న పరుపు, చేతిగడియారం ఇచ్చేసింది. వాటితోపాటే ఫోనూ ఇచ్చేసింది, అది మోగినప్పుడల్లా గుండె జారిపోతుంటే తట్టుకోలేక. తీసుకున్నది బుడాన్. ఒకప్పుడు వాళ్ళకి దూది మూటలు మోసినవాడు. ఇప్పుడు మార్టూరులో రాయి పాలిష్ పనిలో ఉన్నాడు.

నస్రత్ గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆదివారం ఇంటికొచ్చి, “నెట్‌లో పెడదామమ్మా. నాన్న పేరు కొట్టి వెతికినవాళ్ళకి నీ నంబరు కనపడుతుంది” అంది.

“పెట్టడమంటే?”

“ముందు ఒక పేరు కొనాలి. షాపుకి బోర్డు లాగా. తర్వాత ఆ బోర్డు వెనకాల పేజీ ఉండటానికి చోటు కొనాలి, కొట్టుకి అద్దె కట్టినట్టు. రెండూ ఏడాదికోసారి కట్టుకుంటూ పోవాలి.”

“ఎక్కడ కొంటారే వాటిని?”

“అదే చూడాలి. ఊరికొక కంపెనీ ఉంది.”

ముందు గుంటూరులో ఒక ఆఫీసుకి వెళ్ళారు. చల్లటి గది, అద్దాల బల్ల, బల్ల వెనక నవ్వుమొహం కుర్రాడు. “పేరు, హోస్టింగు, పేజీ అంతా మేమే చూసుకుంటామండీ. మీరు హాయిగా కూర్చోండి” అన్నాడు.

జైతున్‌బీ కొంగు సర్దుకుని అడిగింది. “పేరు ఎవరి పేరున ఉంటుంది బాబూ?”

“మా ఖాతాలో ఉంటుందాంటీ. మీకెందుకా తలనొప్పి?”

“మరి రేపు మీకూ మాకూ పడకపోతే?”

“అలాంటిదేం ఉండదాంటీ” అని మళ్ళీ నవ్వాడు.

మెట్లు దిగుతూ, “పొలం నాది, పాసుబుక్కు వాడిదీనా? వద్దులేవే” అంది. నస్రత్‌కి నవ్వొచ్చింది. “మనమే కొందాంలే. ఫోన్లోనే కొనొచ్చు” అంది.

ఆ సాయంత్రం షెడ్డులో మిషను పక్కన కూర్చుని నస్రత్ ఫోన్లో నాన్న పేరు, దాని వెనక పరుపులు అనే మాట ఇంగ్లీషులో కొట్టింది. ఎర్రగా ఏదో వచ్చింది.

“అరె! ఈ పేరు ఎవరో కొనేశారమ్మా.”

జైతున్‌బీ ఫోన్ మీదికి వంగింది. ఆమెకు తెలుగే ఇప్పుడిప్పుడు పట్టుబడుతోంది, ఇంగ్లీషు అసలు రాదు. అయినా ఆ గీతల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. వేలు గాల్లో సూదిలా కదిలింది.

“ఇవి నేను కుట్టినవే.”

“ఏంటి?”

“ఈ గీతలే. మీ నాన్న చివరి రోజుల్లో పట్టీ మీద నంబరు కింద ఇంకో వరస గీసిచ్చేవాడు. ఇదేంటయ్యా అంటే, ఉండనీ, తర్వాత చెప్తాలే అన్నాడు. ఈ సున్నా పక్కన గుంట, ఈ తోక, అన్నీ అవే.” లేచి పెట్టె తెరిచి ఒక పట్టీ తెచ్చింది. నస్రత్ పట్టీనీ ఫోన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. ఒక్క అక్షరం తేడా లేదు.

అడ్రసు కొట్టగానే పేజీ తెరుచుకుంది. ఒక్కటే ఫొటో. మిషను పక్కన చేతులు కట్టుకుని గౌస్ బాషా. కొత్త చొక్కా. వెనకాల నేల మీద తలొంచుకుని కుట్టుకుంటున్న జైతున్‌బీ, ఫొటో తీస్తున్నట్టు కూడా తెలీకుండా. కింద తెలుగులో రెండు మాటలు: పరుపు గట్టిపడిందా? ఫోన్ చేయండి. ఆ కింద పట్టీ మీదున్న నంబరే.

నస్రత్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “హాస్టల్లో ఉన్నప్పుడు ఫోన్ చేసి, మనల్నీ నెట్‌లో పెట్టించానే అన్నాడమ్మా. పరుపులకి వెబ్‌సైటేంటి నాన్నా అని నవ్వాను. తనూ నవ్వేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.”

జైతున్‌బీ ఫొటో కిందున్న నంబరు మీద వేలు పెట్టింది. “ఈ నంబరు తీసి నాది పెట్టొచ్చా?”

“పెట్టొచ్చు. కానీ ఈ పేరు అమ్మిన కంపెనీలో నాన్న ఖాతా తెరవాలంటే ఆయన నంబరుకి వచ్చే ఓటీపీ కావాలి. పైగా పేరు వివరాల్లో చూస్తే గడువు ఈ నెలాఖరుతో అయిపోతోంది. ఆలోగా కట్టకపోతే పేరు పోతుంది.”

మర్నాడు ఇద్దరూ మార్టూరు బస్సెక్కారు. రాళ్ళు కోసే చోట నీళ్ళూ పొడీ కలిసి పాలలాంటి బురద. ఆ బురదలోంచి కనుబొమలదాకా తెల్లబడ్డ బుడాన్ పరుగున వచ్చాడు.

“వదినా! నువ్వెందుకొచ్చావు ఇంతదూరం? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి గదా!”

“ఆయన ఫోను కోసం వచ్చాను బుడానూ. నంబరు కావాలి.”

వాడి మొహం వాడిపోయింది. గదిలోకి వెళ్ళి ఫోనూ, కాగితంలో మడిచిన చిన్న సిమ్ముకార్డూ తెచ్చాడు. “కొన్నాళ్ళు దాన్నే వాడా వదినా. రోజూ ఎవరో ఒకరు చేసేవాళ్ళు. బాషా, పరుపు ఏకాలయ్యా అని. ఆయన పోయాడండీ అనేవాణ్ణి. అయ్యో అని పెట్టేసేవాళ్ళు. నువ్వున్నావు, షెడ్డుందని చెప్పేలోపే పెట్టేసేవాళ్ళు. ఒక ముసలాయన ఏడ్చాడు కూడా. రోజూ బాషన్నని నా నోటితో చంపుతున్నట్టుండేది వదినా. ఇక నావల్ల కాలేదు. కార్డు తీసి దాచి, నా కార్డు వేసుకున్నా.”

“డబ్బులు వెయ్యలేదా దాంట్లో?” నస్రత్ అడిగింది.

“వెయ్యాలని తెలీదమ్మా. కార్డుంటే నంబరుంటుందనుకున్నా.”

జైతున్‌బీ వాడి భుజం తట్టింది. తట్టిన చేతికి తెల్లటి పొడి అంటుకుంది. “ఇచ్చింది నేను. నీ తప్పేముందిరా?”

కార్డు వేసి చూస్తే పలకలేదు. నస్రత్ తన ఫోన్నుంచి ఆ నంబరుకి చేసింది. మోగింది! ఎవరో ఆడమనిషి ఎత్తింది.

“మళ్ళీ పరుపులేనా?” అంది ఎత్తడంతోనే. “ఈ నంబరు తీసుకున్న కాణ్ణుంచీ పరుపులు పరుపులని చంపుకు తింటున్నారు. ఎవరు నువ్వు?”

నస్రత్ నాన్న సంగతి చెప్పింది. ఒక మెసేజీ వస్తుందని, అందులో అంకెలు చదివితే చాలని బతిమాలింది.

“ఓహో, ఓటీపీయా! చచ్చిపోయిన నాన్న, ఏడ్చే అమ్మ, బాగుంది కథ. బ్యాంకువాళ్ళు రోజూ చెబుతుంటే చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చున్నాననుకున్నావా? పెట్టెయ్!”

తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు. బుడాన్ ఫోన్నుంచి చేస్తే ఒక్కసారి మోగి ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత ఆ నంబరే స్విచాఫ్.

“ఆవిడనేమీ అనకు” అంది జైతున్‌బీ, నస్రత్ తిట్టబోతుంటే. “నువ్వయినా చెప్తావా ఎవరికన్నా?”

కంపెనీకి ఆయన మరణ ధ్రువపత్రం పంపారు. జవాబు మర్యాదగానే వచ్చింది. ఖాతా ‘గౌస్ బాషా పరుపులు’ అనే సంస్థ పేరున ఉందనీ, మీరు పంపినది ఒక వ్యక్తి మరణ ధ్రువపత్రమనీ, సంస్థ కాగితాలు పంపమనీ. షెడ్డుకి ఏనాడు కాగితాలున్నాయి గనక! నస్రత్ ఫోన్ పక్కన పడేసి, “షాపు చచ్చిపోయిందని సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా?” అంది.

నెలాఖరు దాటింది. జైతున్‌బీ రోజూ పొద్దున్నే తన ఫోన్లో ఆ అడ్రసు తెరిచేది. కొన్నాళ్ళు ఫొటో అలాగే ఉంది. తర్వాత ఒకరోజు ఆయన నిలబడ్డ చోట ఖాళీ తెల్లతెర వచ్చింది. ఇంకొన్నాళ్ళకు దాని మీద పెద్ద అక్షరాలు. నస్రత్ చదివి చెప్పింది: “ఈ పేరు అమ్మబడును.” అడుగుతున్న వెల మిషనూ షెడ్డూ కలిపి అమ్మినా చాలదు. నస్రత్ ముందే ఫొటో దాచిపెట్టింది. కానీ పరుపుల మూలల్లో ఉన్న అడ్రసు మాత్రం ఇక ఎవరిదో.

మళ్ళీ మొదటికొచ్చింది పని. నస్రత్ మూడు కంపెనీలు వెతికి పెట్టింది. “ఇదిగో, ఇక్కడ మొదటి ఏడాది దాదాపు ఊరికే ఇస్తారు. రెండో ఏడాది నుంచి వాయిస్తారు. ఇక్కడ ఏటా ఒకటే రేటు. ఇక్కడ పేరు కొంటే చోటు కూడా వాళ్ళ దగ్గరే తీసుకోమంటారు.”

“అవన్నీ తర్వాత. నేను పోయాక నీకెట్లా వస్తుందో ముందది అడుగు.”

“అమ్మా!”

“అడగవే.”

మొదటి కంపెనీ కుర్రాడికి ప్రశ్నే అర్థం కాలేదు. రెండోచోట ఒకాయన, “మీరు నూరేళ్ళుంటారు మేడమ్” అని మాట దాటేశాడు. మూడోచోట ఎత్తిన అమ్మాయి మాత్రం మెల్లగా, “మీ ఇంట్లో ఇలాంటిది జరిగిందా అండీ?” అని అడిగింది. ఆధార్లో ఉన్నట్టే పేరివ్వమనీ, కూతురి నంబరూ మెయిలూ కూడా ఖాతాలో చేర్చమనీ, ఒకరు లేకపోయినా రెండోవాళ్ళు తెరవొచ్చనీ విడమరిచి చెప్పింది. అది చవక కంపెనీ కాదు. జైతున్‌బీ అక్కడే కొనమంది.

“నాన్న పేరే పెడదాం. చివర ఒకటో రెండో అంకె తగిలిస్తే దొరుకుతుంది.”

“వద్దు. ఆయన పేరుకి తోక తగిలించకు.”

చివరికి జైతున్ పరుపులు అని పెట్టారు. నస్రత్ కాగితం మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు రాసిస్తే, వాటిని చూసుకుంటూ జైతున్‌బీయే ఒక్కొక్కటీ నొక్కింది. ఫొటో మాత్రం పాతదే. కొత్త నంబరుతో కొత్త పట్టీలు కుట్టింది. కుట్టి, పెట్టెలో పెట్టింది.

మిరపకాయ కల్లాల్లో ఎర్రగా ఆరుతున్న రోజుల్లో పెదకాకాని నుంచి ఒకావిడ ఆటోలో పరుపు తెచ్చింది.

“బాషాగారి భార్యా మీరు? నంబరుకి చేస్తే స్విచాఫ్. ఫోన్లో మా అబ్బాయి ఆయన పేరు కొట్టి చూస్తే, షాపు పేరు అమ్మకానికి పెట్టారమ్మా అన్నాడు. ఇంకెవరూ లేరులే అనుకున్నా. మావాళ్ళు నిన్న ఇంకో పరుపు మున్సిపాలిటీ బండికెత్తేశారు కూడా. దీన్నీ ఇవాళ ఈ రోడ్డులో పాతసామాను కొట్లో పడేద్దామని తెస్తుంటే మీ షెడ్డు తలుపు తీసుంది.”

“ఆ రెండోదీ ఆయన కుట్టిందేనా?”

“ఆ. రెండూ మా పెళ్ళప్పటివి.”

జైతున్‌బీ తలూపింది. “రేపు సాయంత్రం రా తల్లీ, తయారుగా ఉంటుంది” అని పంపింది.

ఆటో వెళ్ళాక పరుపు నేల మీద పరిచి, కాళ్ళవైపు మూలన కూర్చుంది. పట్టీ పసుపుపచ్చబడింది. ఎర్రదారం వెలిసి లేతగా అయింది. ఆ ఇంగ్లీషు వరస ఇంకా లేని రోజుల పట్టీ అది, పేరూ నంబరూ మాత్రమే. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపింది. తన కుట్టే, గట్టి కుట్టు. తెగడానికి చాలాసేపు పట్టింది.

పట్టీ ఊడివచ్చాక దాని కిందున్న గుడ్డ కనపడింది. పరుపంతా వెలిసిపోయినా, అక్కడ మాత్రం నీలి చారలు కొన్ననాటి రంగులో ఉన్నాయి. జైతున్‌బీ కొత్త పట్టీ తెచ్చి దాని మీద పెట్టింది. సరిపోలేదు. చుట్టూ నీలిరంగు అంచు కనపడుతూనే ఉంది. అటు జరిపింది, ఇటు జరిపింది. చివరికి దబ్బనం పక్కన పెట్టి, ఆ అంచు మీద బొటనవేలు ఆనించి కూర్చుంది.