ఉపసంహరణలో ఎలుకలు

వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాకు ఒక పరిశోధన జర్నల్ సంపాదకుడి నుంచి మెయిల్ వచ్చింది. మొక్కలు కరువును తట్టుకునేలా చేసే ద్రావణంపై నేను రాసిన వ్యాసంలో ఒకే ఆకు ఫోటోను తలకిందులు చేసి రెండు మొక్కల ఆకులుగా చూపారనీ, వ్యాసాన్ని ఎందుకు ఉపసంహరించకూడదో తెలుపమనీ దాని సారాంశం. అటువంటి వ్యాసం నేను రాయలేదు, చదవనూ లేదు. మొదటి రచయిత మా మరిది. రెండవ పేరు నాది.

కబురు పెట్టగానే వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు.

"మీ రిటైర్మెంటుకి ఏమివ్వాలా అని తెగ ఆలోచించాను వదినా. పూలగుత్తులు మీకు గిట్టవు. అందుకని వ్యాసంలో మీ పేరు వేశాను."

"నా సంతకం అక్కర్లేదా?"

"మీకెందుకు శ్రమ అని అదీ నేనే పెట్టేశాను."

పేపరు చాటున మావారు నవ్వారు. నేను అటు చూసేసరికి ఆటల పేజీలోకి వెళ్లిపోయారు.

"ఆకునెందుకు తిప్పావు?"

"రెండో మొక్క చచ్చిపోయింది వదినా. ఏపుగా పెరిగిందని అప్పటికే రాసేశాను."

ఇతరుల వ్యాసాలలో దొంగ బొమ్మలను పట్టుకోవడం నేను ఉద్యోగ జీవితమంతా చేసిన పని. ఇప్పుడు నా పేరే ఒక దొంగ బొమ్మ పైన ఉంది. పైగా ఉపసంహరించిన వ్యాసాన్ని జర్నల్ చెరిపివేయదు. ప్రతి పుటకూ అడ్డంగా ఎర్రని ముద్ర కొట్టి, రచయితల పేర్లతో సహా అలాగే ఉంచుతుంది. నాకేమీ తెలియదని చెప్పుకోవడానికి ఉపసంహరణ ప్రకటన ఒక్కటే చోటు.

"ఆ మాట అందులో స్పష్టంగా రాయి," అన్నాను.

"నాకు వదిలేయండి. ఈమాత్రం రాయలేనా?"

ప్రకటన అచ్చయింది. "రచయితలమైన మేమిద్దరం ఈ వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాము. ఎలుకల బరువు తూచడంలో జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాము."

ఫోన్ చేశాను. "మన వ్యాసంలోకి ఎలుకలెలా వచ్చాయి?"



"వేరే జర్నల్లో ఒక ఉపసంహరణ చూశాను వదినా. చాలా హుందాగా ఉంది. ఎలుకల్ని తీసేశాననే అనుకున్నాను."

"మరి 'మేమిద్దరం' అన్నది?"

"అదీ వాళ్లదే. పాపం, వాళ్లూ ఇద్దరే."

సంపాదకుడు ఉపసంహరణను ఉపసంహరించాడు. కొత్త ప్రకటన నన్ను రాయమన్నాడు. ఈసారి ఎవరి సంతకం వారి చేతితోనే ఉండాలని ప్రత్యేకంగా కోరాడు. అందులో ఆకు ఎవరు తిప్పారో, మొక్క ఏమైందో, నా సంతకం ఎవరు పెట్టారో, ఎలుకలు ఎవరి సొత్తో వరుసగా రాసి, మరిదిని పిలిపించి ముందు పెట్టాను.

తల ఊపుతూ పైపైన చూశాడు. "భాష ఎంత బాగుంది వదినా. ఇంత మంచి దాంట్లో నా పేరు కూడా ఎక్కడైనా వేయకూడదూ?"

"ప్రతి వాక్యంలోనూ ఉంది. సంతకం పెట్టు."

"దీనికోసం నన్నింత దూరం రప్పించాలా? మీరే పెట్టేయాల్సింది."

పేపరు చాటున మావారు దగ్గారు. నేను కలం మూత తీసి మరిది చేతికిచ్చాను.

"చదివి పెట్టు," అన్నాను.