పెదవి మీద జిగురు

నరాల డాక్టరు కోసం పద్నాలుగు నెలలు కాచుకున్న మనిషి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని, చీటీలిచ్చే గుమాస్తా ఆమె పేరు మీద అడ్డంగా గీత కొట్టేశాడు. ఆ మనిషిని అందరూ జిగురక్క అంటారు. బూట్ల ఫ్యాక్టరీలో, బూటు అడుగున అతికే సోళ్లకు జిగురు పూసే బల్ల దగ్గర పదకొండేళ్లుగా కూర్చుంటోంది.

"కాంట్రాక్టరు గేటు తియ్యలేదయ్యా. పొద్దుట్నుంచీ కాళ్లా వేళ్లా పడితే ఇప్పుడొదిలాడు," అంది.

"మీ కాంట్రాక్టరుతో నాకేం పని? డాక్టరుగారొచ్చేది గురువారం ఒక్కరోజు, చూసేది పదిహేను మందిని. నీకిక వచ్చే ఏడే, వానలు వెళ్లాక."

"అప్పటికి నా వేళ్లు పనికొస్తాయా?"

"అది డాక్టరుని అడుగు."

డాక్టరుని అడగడానికే కదా ఆమె వచ్చింది! గుమాస్తా నిమ్మకు నీరెత్తినట్టు పుస్తకం మూసి టీకి వెళ్లిపోయాడు.

జిగురక్క వేళ్లకు రెండేళ్లుగా స్పర్శ లేదు. కాళ్లూ అంతే. నడుస్తుంటే చెప్పు ఎక్కడో జారిపోతుంది, ఇంటికొచ్చి చూసుకుంటే కానీ తెలియదు. కింద వార్డులో చిన్న డాక్టరు చూసి, జిగురు వాసన వల్ల నరాలు పోతున్నాయేమో, తేల్చాల్సింది నరాల డాక్టరే, అప్పటిదాకా జిగురుకు దూరంగా ఉండమన్నాడు. వేళ్ల సంగతి దాచి, జిగురు వాసన పడటం లేదని చెప్పుకుంటే కాంట్రాక్టరేమో, "కాగితం తెస్తే కుట్టు బల్లకి మారుస్తా. కాగితం లేదంటే రోగం లేనట్టే," అన్నాడు. ఆ కాగితం తెచ్చుకోవడానికి మాత్రం పూట సెలవివ్వడు. ముడి వేసిందీ వాడే, విప్పకుండా పట్టుకుందీ వాడే.

జిగురు పనిలో ఒక సంగతి ఉంది. సోలుకు పూశాక కాసేపు ఆరనివ్వాలి. వేలితో తాకితే అంటీ అంటనట్టుండాలి. ఆ క్షణంలో అతికిస్తేనే నిలుస్తుంది, లేదంటే పది అడుగులకు ఊడుతుంది. వేలికి తెలియడం మానేశాక జిగురక్క ఎవరూ చూడకుండా సోలు అంచు పెదవికి తాకించడం మొదలుపెట్టింది. పెదవికి ఇంకా తెలుస్తోంది. వేళ్లు పోయాయని బయటపడితే గేటు బయటే కాబట్టి, ఎదురుగా కూర్చునే ఆడపడుచుకు కూడా చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆడపడుచు అన్నం డబ్బా మూత తీస్తుంటే, ఆమె కింది పెదవి మీద ఎండిన జిగురు మెరిసింది.

"ఏమే, నువ్వూనా?"

ఆడపడుచు తేలు కుట్టిన దొంగలా చూసింది. "మెల్లగా, వదినా. ఏడాదైంది. అన్నయ్యకి చెప్పకు."

జిగురక్క తలెత్తి బల్లల వరస పొడుగునా చూసింది. ఒక్కొక్క మూతీ చూసుకుంటూ పోయింది. యాభై మందిలో, తనతో కలిపి, నలభై మూడు పెదవుల మీద అదే మెరుపు. నాకొక్కదానికే అనుకుంటూ నలభై మూడు మంది ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. తన డబ్బాకు మూత పెట్టేసింది. అన్నం ముట్టలేదు.

సాయంత్రం జిగురక్క పిలిస్తే కుళాయిల వెనక ఆ నలభై మూడు మందీ చేరారు. వయసులో పెద్దదైన బక్కమ్మ ముందే అడ్డుపడింది.

"గొడవలొద్దు తల్లీ. ఉన్న కూడు పోతుంది. నోరు మూసుకుని పని చేసుకుందాం."

"నేనూ అదే అంటున్నా పెద్దమ్మా," అంది జిగురక్క. "బుధవారం బూట్లు కొనేవాళ్లు వస్తున్నారు. ఇవాళ్టి నుంచి ఎవరూ సోలు మూతి దాకా తేవద్దు. వేలితోనే చూడండి. కాగితం లేదంటే రోగం లేనట్టేనన్నది ఆ కాంట్రాక్టరే కదా."

ముందు ఒకరి పెదవి ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, కుళాయిల దగ్గర నవ్వు ఆగలేదు. బక్కమ్మ కూడా నవ్వింది.

బుధవారం కొనేవాళ్ల ముందు కాంట్రాక్టరు తానే కొత్త బూట్లు తొడుక్కుని ఠీవిగా నడిచి చూపించాడు. ఏడో అడుగుకు కుడి సోలు నేల మీద ఉండిపోయింది. తొమ్మిదో అడుగుకు ఎడమది. వచ్చినవాళ్లు మొహాలు చూసుకుని కారెక్కేశారు. ఆ పూట బల్లల దగ్గర ఆడవాళ్లు పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు.

"కావాలని చేశారే," అని కాంట్రాక్టరు పళ్లు కొరికాడు.

"వేలితో చూసే చేశాం బాబూ. వేళ్లకి తెలీలేదు," అంది జిగురక్క. మిగతావాళ్లూ అదే మాటన్నారు.

వాడు ఆ మాటన్న నలభై మూడు మందినీ గేటు బయటికి తోయించాడు. రేపు ఎవరైనా కనపడితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. రేపంటే గురువారం. పద్నాలుగు నెలలుగా ఒక్కరికి పూట సెలవివ్వనివాడు అందరికీ ఒకేసారి ఇచ్చాడు.

గురువారం చీటీల కిటికీ నుంచి డాక్టరు గది దాకా వరండా అంతా వాళ్లే. మిగతా రోగులకు దారిచ్చి ముందు పంపించారు. పదిహేను మందిని చూసి డాక్టరు బయటికొస్తే, కాలు పెట్టే చోటు లేదు.

"సూది గుచ్చి చూడండి సారూ. అంతకంటే అడగం," అంది జిగురక్క.

ఆయన విసుగ్గా ఒకామె వేలికి గుచ్చాడు. ఆమె కదల్లేదు. రెండో ఆమె కదల్లేదు. ఐదో ఆమె కూడా కదలకపోయేసరికి ఆయన గదిలోకి వెళ్లి కాగితాల కట్ట తెచ్చాడు. స్టూలు వరండాలోకి లాక్కుని కూర్చుని రాయడం మొదలుపెట్టాడు.

గుమాస్తా ఫ్యాక్టరీకి ఫోను చేశాడు. కాంట్రాక్టరు పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి నలభై రెండు కాగితాలయ్యాయి. అందరి వెనకా నిలబడ్డ జిగురక్కను, సరుకు పాడుచేసిన కేసంటూ జుట్టు పట్టి ఈడ్చి వ్యానులో పడేశారు.

వ్యాను కదలబోతే నలభై రెండు మంది దాని ముందు కూర్చుని కాళ్లు బారజాపారు.

"లేవండి, బండి ఎక్కుతుంది," అని పోలీసు అరిచాడు.

"ఎక్కించు నాయనా," అంది బక్కమ్మ. "మా కాళ్లకెలాగూ తెలీదు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆడపడుచు డాక్టరు చెయ్యి పట్టుకుని వ్యాను దాకా లాక్కొచ్చింది. ఆయన కిటికీ ఊచల్లోంచి సూది గుచ్చాడు. ఒక వేలు, రెండు, పదీ.

"మొదట్లోనే రావాల్సింది," అన్నాడు తల దించుకుని.

"వచ్చాను. మీ పుస్తకంలో గీత కింద ఉన్నాను. వేళ్లు మళ్లీ వస్తాయా?"

"కొంత రావచ్చు. అంతా రాదు," అని ఆయన కాగితం రాసిచ్చాడు.

జిగురక్క కాగితం తీసుకుని చదవలేదు. ఊచల్లోంచి ఆడపడుచుకు అందించింది. దూరంగా కారు పక్కన నిలబడ్డ కాంట్రాక్టరుకు వినపడేలా చెప్పింది.

"వాడు ఒక్క కాగితం అడిగాడు. నలభై మూడూ పట్టుకెళ్లండి. గేటు తియ్యకపోతే గేటుకే అతికించండి. ఈసారి పెదవితో చూసి అతికించండి, ఊడి రాకూడదు."

తెల్లారి కాంట్రాక్టరు గేటు దగ్గర గోళ్లతో గీకుతూ నిలబడ్డాడు. ఒక్క కాగితం కూడా ఊడి రాలేదు. పనికొచ్చిన కుట్టు బల్లల వాళ్లు వాటిని ఒక్కొక్కటే పైకి చదివి, తమ చేతులు చూసుకున్నారు. ఆ రోజు ఎవరూ లోపలికి వెళ్లలేదు.