నీలం మూత, నలుపు మూత

గొట్టాన్ని బల్ల మీదికి దొర్లించి, మూత ఊడదీసి, లోపలి బురదను బొటనవేలితో నొక్కాడు చిన్నాన్న. గట్టిగా తగిలింది. రెండో కొస నొక్కితే వేలు మెత్తగా దిగబడింది. మెత్తనిదే పైకొస. ఊడదీసిన మూతలు ఏ కొసవి ఆ కొసనే పెట్టి, గొట్టం మీద మెత్తటి వైపుకి బాణం గీసి, గొట్టాన్ని రంపంతో, లోపలి బురదను సన్నటి ఉక్కుతీగతో నిలువునా కోశాడు.

తీరం దాటాక నేల లోతుల్లోకి వాలిపోయే చోట ఓడవాళ్లు గొట్టాలు దించి సముద్రపు అడుగు బురద తెస్తారు. నదులు మోసుకొచ్చిన మన్ను అక్కడ వెయ్యేళ్లకు జానెడు మందాన పేరుకుంటుందట. దాన్ని చీల్చి, ఒక సగం పొరల్లో పాతకాలపు సంగతులు చదివేవాళ్లకిచ్చి, రెండో సగం చలిగదిలో దాచడం చిన్నాన్న కొలువు. ఆఫీసులో అందరికీ ఆయన చిన్నాన్నే. అసలు పేరుతో జీతమిచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ పనిలేదు.

"మొగుడి చొక్కా మీద అత్తరు వాసనొస్తే పెళ్లాలు ఏడుస్తారు. ఈయన దగ్గర సముద్రం అడుగు వాసన. ఎవరితో చెప్పుకోను?" అంటుంది ఇంట్లో ఆవిడ.

పైకొసకు నీలం మూత, అడుగుకొసకు నలుపు మూత ఓడ మీదే బిగిస్తారు. కిందటి వానాకాలం నుంచి ఆ రెండూ చిన్నాన్నకు ఒకటే రంగు. కంటినరం ఎండిపోతోందని, మందు లేదని కళ్ల డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి ఆవిడక్కూడా చెప్పలేదు. చెబితే పని మానమంటుంది. పని మానితే పొద్దున్నే లేచి ఏం చేయాలో ఆయనకు తెలియదు. అందుకే వేలిని నమ్ముకున్నాడు. పై బురద కొత్తది, మెత్తన. అడుగుది బరువుకు అణిగి గట్టిపడుతుంది. ఇన్నాళ్లూ వేలే పరువు కాపాడింది.

మధ్యాహ్నం, బురదను చదివే మేడం వచ్చి బల్ల మీదికి వంగింది.

"చిన్నాన్నా, బాణం అటు గీశారేంటి? నీలం మూత ఇటుంది కదా?"

ఆయన గట్టి కొస మీద మళ్లీ బొటనవేలు నొక్కాడు. "వేలితో చూశానమ్మా. ఇటు గట్టిగా తగిలింది."

ఆమె కాస్త గీరి చూసి నవ్వేసింది. "తగులుతుంది మరి. ఎగువనున్న పాత బురద ఒక్కసారిగా జారి వచ్చి, కొత్తదాని నెత్తినెక్కి కూర్చుంది. ఆ వాలు మీద అప్పుడప్పుడూ జరిగేదే. మీ వేలి తప్పేం లేదు." అంతలోనే నవ్వు ఆగిపోయింది. "మూత చూసుంటే తెలిసేదిగా?"

"రంగు కనబడదమ్మా."

ఆమె రెండు మూతలూ చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ వాటి చోటనే పెట్టింది.

"నేనెవరికీ చెప్పన్లెండి. రేపట్నుంచి మూతలు నేను చూసిపెడతా. ఆ బాణం చెరిపేయండి, అయిపోయింది."

ఎంత మంచి పిల్ల! ఆ మాట పట్టుకుని వేలాడాలని చిన్నాన్న ప్రాణం కొట్టుకుంది. కానీ చలిగది అరల నిండా ఆయన వేలిని నమ్మి కోసిన గొట్టాలే.

"ఇది దొరికింది కాబట్టి సరిపోయింది తల్లీ. దొరకనివి ఎన్నున్నాయో! వానాకాలం నుంచి నేను కోసినవన్నీ మళ్లీ చూడండి. ఆఫీసు పెద్దాయనకు నేనే చెబుతా."

సాయంత్రం చిన్నాన్న అంతా చెప్పేసి పెద్దాయన గదిలోంచి వచ్చి, చివరిసారిగా చేతులు కడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇంట్లో ఆవిడకు ఎలా చెప్పాలో దారంతా మాటలు వెతుక్కున్నాడు.

మర్నాడు మేడం పాత గొట్టాల కోసం చలిగది తెరిచింది. తలుపు వెనక మేకుకు, లోపలికి వెళ్లేటప్పుడు ఆయన వేసుకునే స్వెట్టరు వేలాడుతోంది, దాని చేతులు మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి.